సాక్ష్యం ఎక్కడుంది?: పాజిటివిజం, దాని విమర్శకులు, మన కేసులు

"మీ హోటల్లో అంటరానితనం పాటిస్తారా? అవును / కాదు." మా ప్రశ్నావళిలో ఇదొక ప్రశ్న. హోటల్ యజమాని మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, "అదంతా మా తాతల కాలం నాటి మాట సారూ, ఇప్పుడు కులం ఎవరు చూస్తున్నారు" అన్నాడు. లోపలికి కేకేసి టీ తెప్పించాడు. మాకు గాజు గ్లాసుల్లో వచ్చింది. చూరు కింద నిలబడ్డ ఇద్దరు మాదిగ కూలీలకు కాగితం కప్పుల్లో పోశారు. మా కులం ఆయనకు తెలియదు. ప్యాంటూ చొక్కా, చేతిలో ఫైలూ చూసి గ్లాసు ఇచ్చాడు. వాళ్లకు కాగితం కప్పు ఎందుకని అడిగితే, "వాళ్లే అడుగుతారండీ, కడిగే పనుండదు, శుభ్రం" అన్నాడు. కూలీలను అడిగాం. వాళ్లు ముందు మా మొహం చూశారు, తర్వాత యజమాని మొహం చూశారు. "అవునండీ, ఇదే బాగుంటది" అన్నారు. మేము 'కాదు' అన్న గడిలో టిక్కు పెట్టుకుని వచ్చాం.

తర్వాత ఒక సెమినార్లో ఆ పట్టికతో పాటు కాగితం కప్పుల సంగతి కూడా చెప్పాం. ఒక పెద్దాయన లేచి, "మీ పట్టికే అక్కడ అంటరానితనం లేదని చెప్తోంది. మిగతాది మీ ఆవేశం. డేటా ఎక్కడుంది?" అన్నారు. మా ఇంట్లో యూనివర్సిటీ గేటు దాటిన మొదటి వాళ్లం మేము. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. కోపం ఉంది గానీ కోపం ఫుట్‌నోటు కాదు. ఆయన అడిగిన ప్రశ్నకు ఒక వంశం ఉందనీ, దాని పేరు పాజిటివిజం అనీ, కోర్టుల్లో మన కేసులు వీగిపోయేటప్పుడు వినిపించే ప్రశ్న కూడా దాని చుట్టమేననీ తర్వాత చదువుకుంటే తెలిసింది. ఆ చదువులో మాకు అర్థమైనంత ఇక్కడ చెప్తున్నాం.

ఒక మాట, రెండు సంసారాలు

పాజిటివిజాన్ని తెలుగులో ప్రత్యక్షవాదం అంటున్నారు. ఈ అనువాదంతో ఒక చిక్కుంది, ఒక లాభమూ ఉంది. మన తర్కశాస్త్రాల్లో ప్రత్యక్షం అంటే ఇంద్రియాలకు నేరుగా తెలిసేది. పొగను చూసి కొండ మీద నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. నైయాయికులు రెండింటినీ ప్రమాణాలుగానే ఒప్పుకున్నారు. కానీ మన వాడుకలో అనుమానం అంటే సందేహం. అంటే ఒకే మాట ఒకచోట తెలుసుకోవడానికి దారి, ఇంకోచోట తెలియలేదనడానికి గుర్తు. కోర్టులో 'అనుమానం' మిగిలితే ముద్దాయి ఇంటికెళ్తాడు. ఈ రెండర్థాలూ గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతాయి.

సామాజిక శాస్త్రాల్లో ఈ వాదానికి పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశస్థుడు ఆగస్ట్ కోంత్ (1798-1857). మనిషి ఆలోచన మొదట మతం చేతుల్లో, తర్వాత గాలిలో తేలే తత్వాల చేతుల్లో ఉండి, చివరికి శాస్త్ర దశకు చేరుతుందన్నాడు. పరిశీలనకు అందే వాస్తవాలూ, వాటి మధ్య నియమాలూ తప్ప మరేదీ జ్ఞానం కాదన్నాడు. సోషియాలజీ అన్న మాట పుట్టించింది కూడా ఆయనే. దేవుడి పేరుతో, పుట్టుక పేరుతో ఆధిక్యం చలాయించే వాళ్లను 'చూపించు' అని నిలదీసిన వాదం అది. అందుకని పాజిటివిజం అనగానే తిట్టడం మొదలుపెట్టే మిత్రులతో మేము ఏకీభవించం. పురోహితుణ్ణి సాక్ష్యం అడగడం చిన్న విషయం కాదు. అయితే అదే కోంత్ చివరి రోజుల్లో 'మానవతా మతం' స్థాపించి, శాస్త్రవేత్తలే పురోహితులై సమాజానికి దారి చూపాలన్నాడు. 19వ శతాబ్దం రెండో సగంలో బెంగాల్లో కొందరు అగ్రవర్ణ విద్యావంతులు ఆయన అనుచరులయ్యారు. ఆ పురోహిత వర్గంలో వాళ్లకు బ్రాహ్మణ వర్ణం కనపడిందంటే వింతేముంది!

తర్వాత ఎమిల్ దర్కైమ్ 1895లో, సామాజిక వాస్తవాలను వస్తువుల్లాగా చూడాలన్నాడు. 1920లలో వియన్నా మేధావుల బృందం ఇంకా ముందుకెళ్లి, పరీక్షించి నిర్ధారించుకోలేని వాక్యానికి అర్థమే లేదంది. వాళ్లలో చాలామంది ఫాసిజానికి శత్రువులే, కొందరు సోషలిస్టులు కూడా. సిద్ధాంతంలో లోపం ఉంటే మనిషి దుర్మార్గుడని కాదు గదా.

చట్టంలో పాజిటివిజం వేరే సంసారం. పేరు ఒకటే గనుక మన క్లాసు రూముల్లో రెంటినీ కలిపేస్తుంటారు. ఇంగ్లండులో జెరెమీ బెంథామ్, 1832లో ఆయన శిష్యుడు జాన్ ఆస్టిన్ చెప్పింది ఇది: ఫలానా చట్టం ఉందా లేదా అన్న ప్రశ్ననూ, అది న్యాయమైనదా కాదా అన్న ప్రశ్ననూ కలపొద్దు. చట్టం అంటే పాలకుడి ఆజ్ఞ, మీరితే శిక్ష. 20వ శతాబ్దంలో హాన్స్ కెల్సెన్, ఆ తర్వాత హెచ్.ఎల్.ఏ. హార్ట్ ఆజ్ఞ స్థానంలో నియమాల వ్యవస్థను పెట్టారు గానీ ఆ గీత మాత్రం చెరపలేదు. ఉన్న చట్టం ఒకటి, ఉండాల్సిన చట్టం ఒకటి.

హిట్లర్ పతనం తర్వాత ఈ గీత మీద పెద్ద దాడి జరిగింది. జర్మన్ న్యాయశాస్త్రవేత్త గుస్తావ్ రాడ్‌బ్రూక్ 1946లో ఒక వ్యాసం రాశాడు. 'చట్టం చట్టమే' అన్న నమ్మకం జర్మన్ న్యాయవాదులను నాజీ చట్టాల ముందు నిస్సహాయుల్ని చేసిందనీ, భరించలేనంత అన్యాయమైన చట్టం చట్టమే కాదనీ అన్నాడు. 1958లో హార్వర్డ్ న్యాయపత్రికలో హార్ట్, లాన్ ఫుల్లర్ ఎదురెదురుగా వాదించుకున్నారు. చట్టానికి తనదైన అంతర్గత నైతికత ఉంటుందని ఫుల్లర్ వాదన. చెడ్డ చట్టాన్ని కూడా చట్టమేనని ఒప్పుకుని, 'అయినా నేను పాటించను' అనడమే నిజాయితీ అని హార్ట్ వాదన. అసలు నాజీలకు దారి వేసింది పాజిటివిజమే అన్న ఆరోపణకు కెల్సెన్ బతుకే ఒక అడ్డం. ఆయన పాజిటివిస్టుల్లో పెద్ద తలకాయ, యూదుడిగా పుట్టాడన్న కారణంతో 1933లో కొలోన్ విశ్వవిద్యాలయం నుంచి నాజీలు ఆయన్ను తొలగించారు.

మన లా కాలేజీల్లో ఈ కథ తర్వాత ఎమర్జెన్సీ కేసుకు వస్తారు. 1976లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, జస్టిస్ ఖన్నా ఒక్కరే ఒకవైపుగా, ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని తీర్పిచ్చింది. 2017లో సుప్రీంకోర్టే ఆ తీర్పు తప్పని కొట్టేసింది. అది ముఖ్యమైన కేసే. కానీ మన దేశంలో పాజిటివిజం గురించి మాట్లాడాలంటే అంతకు యాభై ఏళ్ల ముందు మహద్ చెరువు దగ్గరికి వెళ్లాలని మా అభిప్రాయం.

మహద్ చెరువు కేసు

యూరప్ విమర్శకులు చట్టం మీద ఒక ఉన్నత ధర్మం ఉండాలంటారు. ఆ మాట వినగానే మనకు గుండె ఆగాలి. ఎందుకంటే ఇక్కడ 'ఉన్నత ధర్మం' పేరుతో ఉన్నది వర్ణధర్మం. చట్టం కంటే పాతది, చట్టం కంటే పవిత్రమైనది, రాజు కూడా మార్చలేనిది అని మన మీద రుద్దింది దాన్నే. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టినప్పుడు తగలబడింది ఒక 'ఉన్నత ధర్మమే'. కాబట్టి ధర్మాన్నీ చట్టాన్నీ విడదీసే బెంథామ్ గీత యూరప్‌లో ఎవరికి ఎట్లా కనపడినా మనకు పనికొచ్చిన గీత. రాజ్యాంగం 13వ అధికరణం చట్టబలం ఉన్న ఆచారాలను కూడా చట్టం లెక్కలోకే తెచ్చి, ప్రాథమిక హక్కులకు విరుద్ధమైతే చెల్లవంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆచారం ఎంత పాతదైనా, ఎంత పవిత్రమైనదైనా, రాసి ఉన్న అక్షరం ముందు నిలవదు. మనం పట్టుకుని నిలబడ్డది ఆ అక్షరాన్నే.

మహద్‌లో ఇంకో సంగతి జరిగింది, దాన్ని చాలామంది చెప్పరు. 1927 మార్చిలో చవదార్ చెరువు నీళ్లు తాగిన తర్వాత సవర్ణులు కోర్టుకెక్కారు. అంటరానివాళ్లు ఈ చెరువు ముట్టకపోవడం అనాదిగా వస్తున్న ఆచారం అన్నారు. కేసు పదేళ్లు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు వాళ్ల అప్పీలును కొట్టేసింది. ఏ కారణంతో? అంటరానితనం పాపమని కాదు. ఆ ఆచారం అనాది కాలం నుంచి ఉందని సవర్ణులు రుజువు చేయలేకపోయారని. 'సాక్ష్యం ఎక్కడుంది' అన్న ప్రశ్న ఆ ఒక్కసారి వాళ్లను అడిగారు. వాళ్ల దగ్గర లేదు.

మా సెమినార్ పెద్దాయనకు ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇదేనని ఇప్పుడనిపిస్తుంది. సాక్ష్యం అడగడంలో తప్పు లేదు. ఎవర్ని అడుగుతున్నారు, తేలేకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, అదీ విషయం.

'కారణంగా' అన్న ఒక్క మాట

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కారంచేడు (1985) వంటి ఊచకోతల మీద సాగిన పోరాటాలు దాని వెనక ఉన్నాయి. అందులో సెక్షన్ 3(2)(వి) చాలా బరువైనది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాన్ని దళితులూ ఆదివాసులూ కానివాళ్లు దళితుడి మీదో ఆదివాసి మీదో చేస్తే యావజ్జీవం. అయితే ఒక షరతు. బాధితుడు ఆ కులానికి, తెగకు చెందినవాడన్న 'కారణంగా' ఆ నేరం చేసి ఉండాలి.

ఈ 'కారణంగా' అన్న మాట పాతికేళ్లు మన నెత్తి మీద బండరాయి అయింది. హత్య రుజువైంది. చంపినవాడి కులం రుజువైంది, చచ్చినవాడి కులం సర్టిఫికెట్టుతో సహా రుజువైంది. 'కానీ కులం కారణంగానే చంపాడని సాక్ష్యం ఎక్కడుంది?' 2006లో రాజస్థాన్‌కు చెందిన దినేష్ అలియాస్ బుద్ధా కేసులో సుప్రీంకోర్టు, ఈ కారణం రుజువు కావడం తప్పనిసరి అంది. అదే ఏడాది మహారాష్ట్ర నుంచి వచ్చిన రాందాస్ కేసులో, బాధితురాలు షెడ్యూల్డు కులం స్త్రీ అయినంత మాత్రాన ఈ చట్టం వర్తించదంది. ఆ తర్వాత కింది కోర్టుల్లో ఈ మాటలు తారకమంత్రమయ్యాయి.

కులం కారణంగా అని రుజువు కావాలంటే ఏం దొరకాలి? నరికేటప్పుడు కులం పేరు పెట్టి తిట్టి ఉండాలి. ఆ తిట్టు ఎవరో విని ఉండాలి. విన్నవాడు భయపడకుండా బోనెక్కాలి, మూడేళ్ల తర్వాతో పదేళ్ల తర్వాతో అదే మాట అక్షరం తప్పకుండా చెప్పాలి. అంటే కులం నోట్లోంచి శబ్దంగా బయటికొస్తేనే వాస్తవం. భూమిలో, కూలిరేటులో, చెరువుగట్టు మీద, పెళ్లి ఊరేగింపు దారిలో ఉన్న కులం వాస్తవం కాదు. 'అది భూతగాదా', 'అది పాత కక్ష', 'అది కామం' అంటారు. కులం లేని చోట భూతగాదా ఎట్లా ఉంటుందో ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా చెప్పగలరా? 2006లో మహారాష్ట్రలోని ఖైర్లాంజీలో ఒక దళిత కుటుంబంలో నలుగురిని చంపారు. 2010లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి అది పగతో చేసిన హత్య అని చెప్పి, ఈ చట్టం వర్తించదంది. దళిత కుటుంబం తలెత్తి బతకడం మీద ఊరికి పగ ఎందుకొచ్చిందన్నది కోర్టుకు సంబంధం లేని విషయమైపోయింది.

మన రాష్ట్రం కేసు ఒకటి చూద్దాం. కర్నూలు జిల్లాలో 2011లో చూపు లేని ఒక దళిత యువతిపై అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్లో పఠాన్ జమాల్ వలీ కేసుగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ చంద్రచూడ్ రాసిన ఆ తీర్పును చదవండి, తప్పకుండా చదవండి. కులం, ఆడతనం, అంగవైకల్యం వేర్వేరు దారాలు కావనీ, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయనీ, నల్లజాతి స్త్రీవాదుల రచనల సాయంతో వివరంగా చెప్పారు. 'కారణంగా' అంటే 'ఆ ఒక్క కారణంగా' అని అర్థం కాదని కూడా చెప్పారు. అన్నీ చెప్పి, చివరికి కులం కారణమని చూపడానికి ప్రత్యేక సాక్ష్యం రికార్డులో లేదని 3(2)(వి) కింద శిక్షను కొట్టేశారు. అత్యాచార నేరానికి యావజ్జీవాన్ని మాత్రం ఖాయం చేశారు. విశ్లేషణలో పాజిటివిజాన్ని విమర్శించి, తీర్పు భాగంలో పాజిటివిజానికే తల వంచిన ఇలాంటి పత్రం మాకు ఇంకోటి కనపడలేదు.

ఆ తీర్పు నాటికి చట్టంలో మాట మారిపోయింది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. 'కారణంగా' అన్న చోట, బాధితుడు ఆ కులం, తెగ వాడని 'తెలిసి' అని చేర్చారు. ఇంకో క్లాజు కూడా వచ్చింది. ముద్దాయికి బాధితుడితోనో అతని కుటుంబంతోనో పరిచయం ఉంటే, కులం తెలుసుననే కోర్టు భావించాలి. తెలియదని రుజువు చేసుకోవలసింది ముద్దాయి. ఊళ్లో ఎవడి కులం ఎవడికి తెలియదు? పార్లమెంటు ఈ చిన్న సంగతిని అక్షరంలో పెట్టడానికి 26 ఏళ్లు పట్టింది. 2011 నాటి నేరానికి పాత మాటే వర్తిస్తుంది గనుక కర్నూలు కేసుకు ఈ సవరణ అందలేదు. సంవత్సరం చూడండి, తేదీ చూడండి. మీ ఊళ్లో కేసు 2016 తర్వాతిదైతే, 'కారణం రుజువు కాలేదు' అన్న పాత పాఠం ఎవరు చదివినా సవరణ కాగితం ముందు పెట్టండి.

ఒక సందేహం తీర్చాలి. రుజువు లేకుండా మనుషుల్ని జైలుకు పంపమని మేము అనడం లేదు. జైళ్లలో విచారణ ఖైదీలుగా మగ్గేవాళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. మా అభ్యంతరం వేరే. కోర్టులు నిజంగానే ప్రత్యక్షాన్ని మాత్రమే నమ్మితే కనీసం ఒక నియమం ఉందనుకోవచ్చు. అట్లా కూడా లేదు. తమిళనాడు కీళవెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మంది దళితులను గుడిసెలో పెట్టి తగలబెట్టారు. మద్రాసు హైకోర్టు భూస్వాములను విడుదల చేస్తూ, ఇంత ఆస్తిపరులు, అందులో ఒకరికి కారు కూడా ఉంది, స్వయంగా నడుచుకుంటూ వెళ్లి నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టం అన్న ధోరణిలో మాట్లాడింది. 1995లో రాజస్థాన్‌లో భన్వరీదేవి కేసులో కింది కోర్టు, అగ్రకులం మగవాళ్లు తక్కువ కులం స్త్రీని ముట్టుకుని మైలపడరు అన్న తర్కం నడిపింది. ఇవి ప్రత్యక్షాలా? ఎవరు చూశారు? ఇవి పచ్చి అనుమానాలు, తర్కశాస్త్రం అర్థంలో. కారు నుంచి మర్యాదను ఊహించవచ్చు, అగ్రకులం నుంచి శీలాన్ని ఊహించవచ్చు. దళితుడి శవం నుంచి మాత్రం కులాన్ని ఊహించకూడదు. పొగ చూసి నిప్పును తెలుసుకోవడం వాళ్లకు అనుమతి, మనకు నిషేధం.

చుండూరు సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని కొట్లాడి పెట్టించుకున్నాం. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. తరిమి తరిమి చంపుతుంటే పొలాల్లో పరుగెత్తిన మనిషి, ఎవరు ఏ ఆయుధంతో ఎక్కడ కొట్టారో ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పాలి. చెప్పింది పోలీసు రాసుకున్న దానితో కలవాలి. కలవకపోతే అనుమానం, ఈసారి వాడుక అర్థంలో.

అంకెలు మాట్లాడేటప్పుడు

ఇట్లా వీగిపోయిన కేసులన్నీ తర్వాత ఒక అంకె అవుతాయి. ఆ అంకె సామాజిక శాస్త్రమై తిరిగి కోర్టుకే వస్తుంది.

2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద అరెస్టుకు ముందస్తు అనుమతులు కావాలనీ, కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చనీ ఆదేశాలిచ్చింది. చట్టం దుర్వినియోగం అవుతోందనడానికి చూపిన ఆధారాల్లో ఒకటి 2015 లెక్క. కోర్టులు తేల్చిన కేసుల్లో 75 శాతం పైగా కొట్టివేతో, ఉపసంహరణో, రాజీయో అయ్యాయి. అంకె తప్పు కాదు. కానీ ఆ అంకె ఏం చెప్తోంది? సాక్షి ఎదురు తిరిగితే అందులో ఒక కేసు. డీఎస్పీ స్థాయి అధికారి చేయాల్సిన దర్యాప్తు ఎస్సై చేస్తే ఒక కేసు. పనిచ్చే ఆసామే ముద్దాయి అయితే, రెండు పంటలు కూలి లేక రాజీపడితే ఒక కేసు. 'కారణం' రుజువు కాకపోతే ఒక కేసు. పట్టికలో అన్నీ ఒకే గడి. 'రుజువు కాలేదు' అన్నది పట్టికలోకి వెళ్లి, బయటికొచ్చేసరికి 'అబద్ధం' అయింది. పోలీసులు కేసు మూసేసేటప్పుడు రాసే 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' అన్న మాట మీరు విని ఉంటారు. ఏది ఫ్యాక్టో స్టేషన్లో తేలుతుంది, దాన్ని లెక్కపెట్టడం ఢిల్లీలో జరుగుతుంది.

2018 ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, కాల్పుల్లో, ఘర్షణల్లో పలువురు చనిపోయారు. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. కేసు నిలవకపోవడానికి దర్యాప్తు లోపాలు వంటి కారణాలెన్నో ఉంటాయనీ, దళితులు ఒక వర్గంగా చట్టాన్ని దుర్వినియోగం చేస్తారని అనుకోవడం తగదనీ ఒప్పుకుంది. అదే అంకెను ఏడాదిన్నరలో రెండు రకాలుగా చదివారు. మధ్యలో మారింది లెక్క కాదు, వీధిలోకి వచ్చిన జనం.

సామాజిక శాస్త్రాల్లో పాజిటివిజం విమర్శకుల జాబితా పెద్దదే. మనిషి చర్యకు అర్థం ఉంటుంది, దాన్ని లోపలి నుంచి గ్రహించాలన్న వెబర్ ఉన్నాడు. 1961లో ట్యూబింగెన్‌లో పాపర్‌తో తలపడ్డ అడోర్నో ఉన్నాడు, ఆ వాదాన్ని కొనసాగించిన హేబర్‌మాస్ ఉన్నాడు. (పాపర్ తనను పాజిటివిస్టు అంటే ఒప్పుకునేవాడు కాదు.) ఎం.ఏ. పరీక్షల్లో ఇది పది మార్కుల ప్రశ్న, బట్టీపట్టి రాసినవాళ్లమే. మాకు అంతకంటే ఎక్కువ నేర్పింది ఎం.ఎన్. శ్రీనివాస్ పుస్తకం. 1948లో మైసూరు దగ్గర ఒక ఊళ్లో ఆయన క్షేత్ర పరిశోధన చేశారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆందోళనకారులు పెట్టిన నిప్పులో, ఆయన క్రమపరచుకున్న నోట్సు ప్రతులు కాలిపోయాయి. అప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకమే 1976లో వచ్చి ఆయన రచనల్లోకెల్లా పేరు తెచ్చుకుంది. అగ్రకులం వాడి జ్ఞాపకం సామాజిక శాస్త్రం అయింది. మేము జ్ఞాపకం చెప్తే ఆవేశం అయింది. ఆయన్ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఊరి పెద్ద ఇచ్చిన వసతిలో దిగాననీ, తన చూపు పైకులాల వైపు నుంచి పడిన చూపేననీ ఆయనే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ మాకు ఇష్టం. మన వాళ్లు ఎక్కడ దిగారో కూడా రాయని సర్వేలే ఎక్కువ. 2002లో గోపాల్ గురు ఒక వ్యాసంలో, మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే పని పైకులాలకూ, వివరాలు మోసుకొచ్చే పని కింది కులాలకూ పంచబడిందని వాదించారు. ఫీల్డుకు పంపేటప్పుడు 'మీకు ఆ వాడలు బాగా తెలుసు గదా' అన్న మాట విన్న ప్రతి రీసెర్చి విద్యార్థికీ ఆ వ్యాసం తన కథే అనిపిస్తుంది.

అయితే లెక్కలు వాళ్లకొదిలేసి అనుభవం మాత్రమే మనది అనుకుంటే మోసపోతాం. అంబేద్కర్ అట్లా చేయలేదు. 1901 జనగణనకు కమిషనర్ అయిన రిస్లీ ముక్కుల కొలతలతో కులాన్ని జాతి భేదంగా చూపించాడు. 1948లో వచ్చిన అంటరానివారి పుట్టుక గురించిన పుస్తకంలో అంబేద్కర్ ఆ ముక్కుల కొలతలనే ముందు పెట్టుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరు జాతులు కారని తేల్చారు. అదే పుస్తకం ముందుమాటలో, చరిత్రలో గొలుసు తెగిన చోట ఊహతో కలపడానికి చరిత్రకారుడికి హక్కుందని కూడా వాదించారు. ప్రత్యక్షాన్ని వాడుకున్నారు, అనుమానాన్నీ వదులుకోలేదు. 1932లో ఓటుహక్కు కమిటీ ముందు కొన్ని రాష్ట్రాల సవర్ణులు తమ దగ్గర అంటరానివాళ్లు పెద్దగా లేరని చెప్పినప్పుడు, ఓట్లూ సీట్లూ దగ్గరికొచ్చేసరికి మనుషులే పట్టికలోంచి మాయం కావడం ఆయన చూశారు. 1931 తర్వాత అన్ని కులాల లెక్క జనగణనలో పూర్తిగా ప్రచురించలేదు. దాన్ని మళ్లీ చేర్చాలని కేంద్రం నిర్ణయించింది 2025 ఏప్రిల్ 30న. అంకె లేకపోవడం కూడా రాజకీయమే.

ప్రశ్న సరిగా అడిగితే అంకె కూడా నిజం చెప్తుంది. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో మా మాదిరిగానే, 'మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా' అని అడిగారు. లేదన్నవాళ్లతో అక్కడ ఆగలేదు. 'ఒక షెడ్యూల్డు కులం మనిషి మీ వంటింట్లోకి వస్తే, మీ గిన్నెలు వాడితే మీకేమైనా ఇబ్బందా' అని రెండో ప్రశ్న వేశారు. మొదటి ప్రశ్నకు తప్పించుకున్నవాళ్లు కొందరు రెండోదాని దగ్గర దొరికిపోయారు. రెండూ కలిపితే దేశంలో దాదాపు 27 శాతం కుటుంబాలు పాటిస్తున్నట్టు తేలింది.

మేము మళ్లీ ఆ హోటల్‌కు వెళ్లాం. ఈసారి 'పాటిస్తారా' అన్న ప్రశ్న తీసేశాం. కాగితం కప్పులు ఎప్పటి నుంచి కొంటున్నారు, అంతకు ముందు ఏముండేది, గ్లాసులు ఎవరు కడుగుతారు, కప్పులో తాగేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు అని అడిగాం. కులం మాట ఎక్కడా లేదు గనుక ఆయన హాయిగా చెప్పాడు. "అంతకు ముందు వాళ్ల గ్లాసులు వాళ్లకుండేవి సారూ, అదిగో ఆ చూరులో పెట్టేవాళ్లం, తాగి వాళ్లే కడిగి పెట్టేవాళ్లు. గొడవలైతున్నయని కప్పులు తెచ్చినం." నెలకు ఎన్ని కప్పులు పడతాయని అడిగాం. వేళ్ల మీద లెక్కేసి చెప్పాడు. రాసుకున్నాం. కప్పులు ఎవరెవరికి ఇస్తారని అడిగితే నోటికి వచ్చినన్ని పేర్లు చెప్పాడు. అన్నీ రెండు వాడల పేర్లే.